పచ్చబడిన చెరువుకు ఎండను నిందిస్తే సరా?

సంపాదకుడు గారికి,

చెరువు పచ్చబడి చేపలు తేలడంపై మీ పత్రికలో పది రోజుల కిందట వచ్చిన వార్తనూ, ఆ మర్నాడు వచ్చిన అధికారుల వివరణనూ చదివాను. ఎండ తీవ్రతకు నాచు పెరిగిందట. నీటిలో ఫాస్ఫేట్ దాదాపు లేదట. ఆక్సిజన్ పుష్కలంగా ఉందట. బ్లీచింగ్ చల్లారు కాబట్టి భయపడాల్సింది లేదట. ఇన్ని రోజులైనా ఈ మాటలను ఎవరూ నిలదీయలేదు. అందుకే ఆలస్యమైనా రాస్తున్నాను.

ముందు ఫాస్ఫేట్ సంగతి. నాచుకు మేతయ్యే భాస్వరం నీటిలో కరిగి ఉండే రూపమే ఇది. నాచు ముమ్మరంగా ఉన్న నీటిని వడపోసి, కరిగిన ఫాస్ఫేట్‌ను మాత్రమే కొలిస్తే సున్నాకు దగ్గరగానే వస్తుంది. ఉన్నదంతా అప్పటికే నాచు కణాల్లోకి చేరిపోయి ఉంటుంది. భోజనాల బంతి లేచాక ఖాళీ గిన్నెలు చూసి అసలు వంటే కాలేదని తేల్చడం లాంటిదే ఇది. కొలవాల్సింది మొత్తం భాస్వరం. అందుకు వడపోయని నమూనాను ఆమ్లం, పర్‌సల్ఫేట్ అనే రసాయనం కలిపి వేడిచేసి, కణాల్లో ఉన్నదాన్ని కూడా బయటికి రాబట్టాలి. కరిగిన భాస్వరం విడిగా కావాలంటే నమూనా తీసిన వెంటనే గట్టు మీదే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడపోసి ఐస్‌లో పెట్టాలి. సీసాలను పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగాలి. ఫాస్ఫేట్ ఉన్న సబ్బుతో కడిగితే లెక్క మొత్తం చెడుతుంది. వీటిలో ఏది చేశారో ఆ వివరణలో ఒక్క ముక్కా లేదు.

ఆక్సిజన్ విషయమూ అంతే. పగలంతా నాచు ఆక్సిజన్ వదులుతుంది కనుక మధ్యాహ్నం కొలిస్తే ఎక్కువే చూపిస్తుంది. రాత్రంతా అదే నాచు ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. తెల్లవారుజామున లీటరుకు 2 మిల్లీగ్రాముల కిందికి పడిపోతే చేపలు ఊపిరాడక చస్తాయి. సూర్యోదయానికి ముందు కొలవని ఆక్సిజన్ లెక్క చేపల చావుకు జవాబు కాదు. పైగా మధ్యాహ్నం నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును లాగేసుకోవడంతో నీటి క్షారగుణాన్ని చెప్పే పీహెచ్ 9 దాటవచ్చు. అప్పుడు నీటిలోని అమ్మోనియా చేపలకు విషమవుతుంది.

ఇక ఎండ. ఎండ, వేడి నాచుకు తోడ్పడతాయి, కాదనను. కానీ మేత లేకుండా అది పెరగదు. కెనడాలోని ఒంటారియోలో 226వ నంబరు సరస్సును 1973లో తెరతో రెండు భాగాలు చేశారు. రెండింటిలోనూ నత్రజని, కర్బనం కలిపారు. ఒక్కదానిలోనే భాస్వరం కూడా వేశారు. అదే పచ్చబడింది. రెండింటి మీదా కాసింది ఒకే ఎండ.

ఆ భాస్వరం ఎక్కడి నుంచి వస్తుంది? మురుగునీటి నుంచి కొంత. చుట్టూ సాగుభూములున్న చోట ఎక్కువగా ఎరువుల నుంచే. 50 కిలోల డీఏపీ బస్తాలో 46 శాతం, అంటే 23 కిలోలు భాస్వరం పెంటాక్సైడ్ (ఎరువుల్లో భాస్వరాన్ని లెక్కగట్టే రూపం). దాన్ని 0.436తో గుణిస్తే అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. నిలవ నీటిలో మొత్తం భాస్వరం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటితే నాచు విజృంభణకు దారి తెరుచుకున్నట్టే. ఆ బస్తాలో ఇరవయ్యో వంతు, అంటే అర కిలో భాస్వరం కొట్టుకొచ్చినా సుమారు 1.6 కోట్ల లీటర్ల నీటిని ఆ స్థాయికి చేర్చగలదు. అంటే రెండు మీటర్ల లోతున్న రెండెకరాల చెరువు. పొలానికి అర కిలో పోయినా దిగుబడిలో తేడా కనిపించదు. అందుకే ఈ నష్టం రైతు కంట పడదు. ఇందులో రైతును తప్పుపట్టడం అన్యాయం. ఆయనకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

భాస్వరం యూరియాలా నీటితో సులభంగా లోపలికి ఇంకదు. మట్టి రేణువులకు అంటుకుని పైపొరలోనే ఉంటుంది. పైన వెదజల్లి వదిలేసి, రెండు రోజుల్లో పెద్ద వాన పడితే కరిగిందీ, మట్టితో కలిసిందీ రెండూ కాలువ పడతాయి. ఏడాది నష్టంలో పెద్ద వాటా నాలుగైదు గట్టి వానల్లోనే పోతుంది. కాబట్టి నమూనాలు తీయాల్సింది వరద దిగుతున్న కాలువలో, వాన పడుతున్నప్పుడు. నెలకోసారి, వాతావరణం బాగున్న రోజు, గట్టు పక్కన తీసిన సీసాలో ఈ సంగతి దొరకదు.

చేయాల్సిన పనులు తెలియనివి కావు. భూసార పరీక్ష చేయించాలి. మట్టిలో భాస్వరం కొలవడానికి తటస్థ, క్షార నేలలకు ఓల్సెన్ పద్ధతి, ఆమ్ల నేలలకు బ్రే పద్ధతి ఉన్నాయి. భాస్వరం నిల్వ ఎక్కువని తేలిన పొలంలో ఆ ఏడు వేయకపోయినా పంటకు లోటుండదు. వేయాల్సిన చోట విత్తనానికి పక్కగా, అయిదు సెంటీమీటర్ల లోతున పడేలా వేయాలి. వాన సూచన ఉంటే ఆగాలి. కాలువ వెంట గడ్డి పట్టీ వదిలితే కొట్టుకొచ్చే మట్టి ఆగుతుంది. అయితే కరిగిన భాస్వరాన్ని అది పెద్దగా ఆపలేదు. గడ్డి నాటేసి పని అయిపోయిందని ఫొటోలు దిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

బ్లీచింగ్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. సయనోబ్యాక్టీరియా, అంటే విషం తయారుచేయగల నీలి ఆకుపచ్చ నాచు, ఉన్న నీటిలో క్లోరిన్ గానీ మైలుతుత్తం గానీ చల్లితే కణాలు పగిలి లోపలి విషం నీటిలో కలుస్తుంది. చచ్చిన నాచు కుళ్లుతూ మిగిలిన ఆక్సిజన్‌నూ తినేస్తుంది. మైక్రోసిస్టిన్ అనే ఆ కాలేయ విషానికి తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము. మరిగిస్తే అది పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా జనానికి కుళాయి నీళ్లు తాగొద్దు, మరిగించీ తాగొద్దు అని చెప్పాల్సి వచ్చింది. శుద్ధి కేంద్రంలో ముందు కణాలను పగలకుండా పటికతో దించి వడపోయాలి. మిగిలిన విషాన్ని ఉత్తేజిత బొగ్గుతో పట్టాలి. క్లోరిన్ ఆ తర్వాతి మాట.

రేపటి నుంచే ఎరువు ఆగినా చెరువు వెంటనే తేరుకోదు. అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడు పూడికలో ఇనుముకు అంటుకున్న భాస్వరం విడిపోయి మళ్లీ పైకొస్తుంది. ఏళ్ల తరబడి పేరిన బాకీ అది. టొలీడోకు నీళ్లిచ్చే ఈరీ సరస్సు సంగతే చూడండి. అమెరికా, కెనడాల మధ్య 1972లో కుదిరిన ఒప్పందం తర్వాత మురుగునీటి భాస్వరాన్ని తగ్గించి దాన్ని బాగుచేశారు. 1990ల నడిమి నుంచి పొలాల నుంచి కరిగి వచ్చే భాస్వరంతో నాచు తిరిగొచ్చింది. 2016లో రెండు దేశాలూ సరస్సులోకి చేరే భాస్వరాన్ని 2008 నాటి మోతాదులో 40 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నాయి. అంత డబ్బు, అంత శాస్త్రం ఉన్నచోటే ఇంత కష్టమైతే, కొలవడమే మొదలుపెట్టని చోట ఏమవుతుంది?

ఎరువు చూసే శాఖ నీటిని చూడదు, నీటిని చూసే శాఖ పొలం గట్టు దాటదు. మధ్యలో ఉన్న కాలువ ఎవరిదీ కాదు. కనీసం ఈ చెరువు విషయంలోనైనా మొత్తం భాస్వరం, తెల్లవారుజామున ఆక్సిజన్, మైక్రోసిస్టిన్ ఎంతెంత ఉన్నాయో, నమూనా తీసిన తేదీ, వేళ, చోటుతో సహా మీ పత్రికలోనే ప్రకటించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. ఆ లెక్కలు వచ్చేదాకా పశువులను ఆ నీటికి తోలవద్దని ఊళ్లలో చాటింపు వేయించాలి.

– ఒక పాఠకుడు