వాన లేకుండానే కారే కప్పులు

సంపాదకులకు,

ఆగస్టులో ఒక తెల్లవారుజామున మా పడకగది సీలింగ్ నుంచి నీటి చుక్కలు పడ్డాయి. బయట చినుకు కూడా లేదు. పెదవాల్తేరులో మా డాబా మీద కట్టుకున్న గది అది. ఇనుప పైపుల మీద ఏటవాలుగా రేకులు, వాటి కింద వేడిని ఆపే ఇన్సులేషన్‌గా గ్లాస్‌ఊల్ (గాజు దూది), దాన్ని ఆనుకుని అదే వాలులో జిప్సం సీలింగ్. మధ్యలో అటక లేదు. గది ఎత్తుగా కనిపిస్తుందని మేమే కోరి అలా కట్టించుకున్నాం. లీకేజీ అనుకుని రేకులపై రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించాం. చుక్కలు ఆగలేదు. చివరికి సీలింగ్ విప్పితే గ్లాస్‌ఊల్ తడి గోనెసంచిలా ఉంది. జిప్సం వెనుక నల్లటి బూజు, స్క్రూల చుట్టూ తుప్పు. కట్టి నాలుగేళ్లు కూడా కాలేదు.

ఆ నీరు గాలిలోంచి వచ్చింది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి దాదాపు 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు పడుతుంది. వానాకాలంలో విశాఖ గాలి తరచూ అలాగే ఉంటుంది. మనం ఏసీ 22లో పెట్టుకుని పడుకుంటాం. రేకుల అతుకుల్లోంచి దూరిన గాలి చల్లటి జిప్సం వెనుక నీరవుతుంది. మాకు పని చేసినవాళ్లు జిప్సం మీద పాలిథిన్ షీటు కూడా పరిచారు. చలిదేశాల్లో అది సరైన పద్ధతే, అక్కడ ఆవిరి వెచ్చని గదిలోంచి బయటి చలివైపు పోతుంది. ఇక్కడ బయటినుంచి లోపలికి వస్తుంది. ఆ షీటు మీద నిలిచిన నీరే స్క్రూ రంధ్రాల్లోంచి మా మంచం మీద పడింది.

ఏసీ లేని రేకుల ఇళ్లకూ ఈ బాధ ఉంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి రేకు తన చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. గదిలోని ఆవిరి దాని అడుగున చెమటలా పట్టి తెల్లవారేసరికి కారుతుంది. వన్‌టౌన్‌లోని పాత పెంకుటిళ్లలో చెమ్మ పట్టినా పెంకుల సందుల్లో గాలి ఆడి ఆరిపోయేది. మనం కప్పును అన్నివైపులా మూసేశాం, ఆరే దారి మాత్రం ఉంచలేదు.

ఏసీ గదికైతే తేమను అడ్డుకునే పొర రేకు వైపు ఉండాలి. రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పఫ్ ప్యానెళ్లు వేసి అతుకులన్నీ సీలు చేస్తే తేమగాలి దూరదు. మేము ఇప్పుడు అదే చేయించాం. ఏసీ లేని గదికి సీలింగ్ కట్టుకుంటే రేకుకూ ఇన్సులేషన్‌కూ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలి, చూరు దగ్గర, కొప్పు దగ్గర జల్లెడ కట్టిన సందులు పెట్టాలి. గాలి కింద దూరి పైన పోతుంది. ఆ సందుల్లోకి వానజల్లు, ఈదురుగాలి దూరకుండా మడతరేకు తప్పనిసరి.

ఇది ఒక్క ఇంటి బాధ అయితే నేను రాసేవాణ్ని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది. మా వీధిలో ఎగిరిన రేకులు ఎక్కడెక్కడ పడ్డాయో మాకు గుర్తే. ఉప్పుగాలికి పైనుంచి పట్టే తుప్పు కంటికి కనిపిస్తుంది. సీలింగ్ వెనుక తడికి పట్టే తుప్పు ఎవరికీ కనిపించదు. తుప్పు తినేసిన స్క్రూ తుపానుకు ఆగదు, ఆ రేకు పక్కింటివాళ్ల మీద పడుతుంది.

ఇళ్లలో విద్యుత్ ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నిబంధనావళి కప్పు గుండా దిగే వేడికి పరిమితి పెట్టింది కానీ, అది 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లోని ఇళ్లకు ఉద్దేశించింది. మాలాంటి చిన్న ఇళ్లు దాని కిందికి రావు. అందుకే మన నగరపాలక సంస్థ జీవీఎంసీని అడుగుతున్నాను: ఏటవాలు కప్పుకు ప్లాను ఇచ్చేటప్పుడు పొరల వరుస చూపే డ్రాయింగ్ తీసుకోండి. సీలింగ్‌లో విప్పి చూడగలిగే పలక ఒకటైనా ఉండాలని షరతు పెట్టండి. రేకుల పని చేసే వెల్డర్లకు, సీలింగ్ పనివాళ్లకు వార్డుల్లో రెండు రోజుల శిక్షణ ఇప్పించండి. అక్టోబరు తుపాన్ల లోపు మొదలుపెడితే మేలు. మేము పెట్టించుకున్న పలక రెండడుగులు కూడా లేదు, టార్చి వేసి చూడటానికి అది సరిపోతోంది.

— ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం