గుర్రపు డెక్క తీసే పనిలో చేపల లెక్క కూడా చూడండి: జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

కొల్లేరులో, దాని నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేరులో, డెల్టా పంట కాలువల్లో, మురుగు కాలువల్లో గుర్రపు డెక్క తీయాలని ఇక్కడి జనం ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. నేనూ అదే అడుగుతున్నాను. అయితే ఎలా తీస్తారు, ఏ నెలలో తీస్తారు అన్న దాని మీదే చేపల బతుకు ఆధారపడి ఉంది, అందుకే ఈ ఉత్తరం.

డెక్క నీటిని పూర్తిగా కప్పేసిన చోట లోపలికి వెలుతురు దిగదు, గాలి సోకదు, ఆక్సిజన్ పడిపోతుంది. బొచ్చె, శీలావతి అక్కడ నిలవలేవు. కొర్రమీను, ఇంగిలాయి, మార్పు, గొరక లాంటి నల్లజాతి చేపలు పైకొచ్చి గాలి మింగి బతకగలవు గానీ, సందు లేకుండా మూసుకుపోతే వాటికీ కష్టమే. అదే డెక్క విడివిడి గుంపులుగా ఉండి మధ్యలో ఖాళీ నీళ్లు ఉంటే కథ వేరు: వేర్లలో పురుగులు చేరతాయి, వాటి కోసం చేప పిల్లలు చేరతాయి, నీటికాకులకూ పెద్ద చేపలకూ చిక్కకుండా అక్కడే దాక్కుంటాయి. కొర్రమీను అయితే వానాకాలంలో గడ్డి మధ్య గుండ్రంగా చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది, ఆ తర్వాత ఎర్రటి పిల్లల గుంపును కాపలా కాస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లో అక్కడికి యంత్రం దిగితే గూడూ పోతుంది, పిల్లలూ పోతాయి.

అన్నిటికంటే భయపెట్టేది డెక్క మీద కలుపు మందు కొట్టడం. గ్లైఫోసేట్, 2,4-డి కొడితే డెక్క చస్తుంది, నిజమే. కానీ చచ్చిన డెక్క ఎక్కడికీ పోదు, నీళ్లలోనే కుళ్లుతుంది, ఆ కుళ్లు ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తుంది. మబ్బు పట్టిన రోజు తర్వాత తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఏం జరుగుతోందో కైకలూరు, ఆకివీడు వైపు చేపల రైతు ఎవరిని అడిగినా చెబుతారు. చెరువులో అయితే నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు వేస్తారు, కొల్లేరుకు ఎవరు వేస్తారు? పైగా పంట కాలువల నీళ్లే ఊళ్లలో మంచినీళ్ల చెరువులకు వెళ్తాయి. దయచేసి కలుపు మందు ఆలోచన మానుకోండి.

యంత్రాలతో తీసినా మొత్తం ఒక్కసారిగా ఊడ్చేయకండి. ముందు నీళ్లు పారే దారి తెరవండి, తర్వాత పట్టీలు పట్టీలుగా తీయండి, ఒక పట్టీకీ ఇంకో పట్టీకీ మధ్య కొన్ని వారాలు ఆగండి. పంట కాలువల్లో అయితే నీళ్లు కట్టేసే వేసవే మంచి సమయం. డెక్కతో పాటు చేప పిల్లలూ గట్టెక్కుతాయి కాబట్టి ఆ కుప్పలు దులిపి పిల్లల్ని నీళ్లలో వదిలే పనిని లంక గ్రామాల జాలర్లకు కూలి ఇచ్చి అప్పగించండి. తీసిన డెక్కను గట్టు మీదే వదిలేస్తే కుళ్లిన రసం మళ్లీ నీళ్లలోకే దిగుతుంది, దూరంగా తరలించి ఎరువు చేయించండి. కిక్కిస అనే రెల్లు లాంటి గడ్డి జోలికి మాత్రం వెళ్లొద్దు, అది మన కొల్లేటి మొక్క, పరాయిది కాదు.

గడ్డి చేపల్ని వదిలితే సరిపోతుందని కొందరు అంటుంటారు. అవి ఇష్టంగా తినేది నీటి లోపల పెరిగే మెత్తటి నాచును, అంటే చేప పిల్లలకు నీడనిచ్చే మొక్కల్నే. డెక్క అలాగే ఉంటుంది. దానికంటే డెక్కనే తిని బతికే నియోకెటినా పెంకు పురుగులు మేలు, 1980లలోనే వాటిని మన దేశానికి తెచ్చి వదిలారు. ఫలితానికి ఏళ్లు పడుతుంది. అయితే డెక్క నెమ్మదిగా పలచబడుతుంది కాబట్టి చేపలకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

బుడమేరు, తమ్మిలేరు కొల్లేరులోకి మోసుకొచ్చే పట్టణాల మురుగు, చేపల చెరువులు వదిలే ఎరువుల నీళ్లు ఆగనంత కాలం డెక్క మళ్లీ వస్తూనే ఉంటుంది, దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఇది మీ ఒక్క శాఖ పని కాదని తెలుసు.

మీ చేతిలో ఉన్నది ఒకటి అడుగుతాను. ఎన్ని ఎకరాలు శుభ్రం చేశారన్నది మాత్రమే చూసి బిల్లు పాస్ చేయకండి. పనికి ముందూ తర్వాతా తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎంతుందో, జాలర్లు చేపలు పట్టే మావుల్లో ఏ చేపలు ఎన్ని పడుతున్నాయో మత్స్య శాఖ చేత రాయించి, ఆ కాగితం లేనిదే చెల్లింపు ఉండదని టెండర్‌లోనే పెట్టండి. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన సరస్సుకు ఈ మాత్రం లెక్క ఉండాలి కదా. వచ్చే వేసవి పనుల టెండర్లు పిలిచే లోపే ఈ నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
కొల్లేటి ప్రాంత వాసి