మంత్రిగారూ, ఇంతకీ అది మందా, దాణానా?

పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి నమస్కారం.

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ అందినట్టు రసీదులున్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కోడి పేగుల్లో ఉండే క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాను తగ్గించడానికి యాంటీబాడీ (క్రిములను పట్టుకునే ప్రోటీన్) ముక్కల్ని దాణాలో కలిపి చూసే పైలట్ పథకం గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, ప్రకటించింది మీరే. ఒక షెడ్డు ఖాళీగా ఉంచమన్నారు, ఉంచాను. పక్క షెడ్లలో బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఎదిగి వెళ్లిపోతోంది. ఆ షెడ్డులో మాత్రం సాలీళ్లు పెరుగుతున్నాయి.

మందుల విభాగానికి వెళ్తే, "ఇది కోడికి ఏ జబ్బూ నయం చేయదు కదా, మందెలా అవుతుంది? దాణా వాళ్లను అడగండి" అన్నారు. దాణా విభాగంలో, "పేరులోనే యాంటీబాడీ ఉంది, ఇది దాణా ఏంటండీ?" అని టీకాల సెక్షన్‌కి పంపారు. వాళ్లేమో, "కోడి ఒంట్లో రోగనిరోధక శక్తి పుట్టించదు, కాబట్టి టీకా కాదు" అన్నారు. తమాషా ఏమిటంటే ముగ్గురు చెప్పిందీ నిజమే. నా ఏడుపంతా అదే! మూడూ కాని వస్తువుకు మీ దగ్గర ఫారం లేదు. ఫారం లేదు కాబట్టి ఫైలు లేదు. ఫైలు లేదు కాబట్టి, ఆఖరిసారి వెళ్లినప్పుడు, అలాంటి పథకమే లేదన్నారు.

క్యాంపైలోబ్యాక్టర్ కోడిని పెద్దగా ఇబ్బంది పెట్టదు సార్. పేగుకుండే సీకం అనే సంచిలో గ్రాముకు కోట్ల లెక్కన ఉన్నా కోడి హాయిగా తింటుంది, బరువు పెరుగుతుంది. డ్రెస్సింగ్‌లో పేగు తెగి మాంసానికి అంటుకుంటే, అది సరిగా ఉడక్కపోతే, తిన్నవాళ్లకు విరేచనాలు. కొద్దిమందికి ఆ తర్వాత గిలన్-బారే అనే నరాల జబ్బు వచ్చి కాళ్లూ చేతులూ పడిపోతాయి. కోడికి నష్టం లేనప్పుడు ఏ రైతు సొంత ఖర్చుతో దీన్ని దాణాలో కలుపుతాడు? నేనూ కలపను. అందుకే మీ పైలట్ కావాలి.

ఒంటెల్లో ఉండే ప్రత్యేకమైన యాంటీబాడీల గురించి బెల్జియం శాస్త్రవేత్తలు 1993లోనే ప్రచురించారు. వాటి నుంచి తీసిన ముక్క మామూలు యాంటీబాడీలో పదో వంతు ఉంటుంది. బ్యాక్టీరియా ఈదే తోకను అది పట్టేసుకుంటే, పేగు జిగురులో నిలవలేక రెట్టతో బయటికి పోవాలన్నది ఆలోచన. కోళ్ల మీద చేసిన ప్రయోగాల్లో బ్యాక్టీరియా తగ్గింది కూడా. కానీ గుళికల దాణా తయారీ వేడిని, కోడి కడుపులో యాసిడ్‌ను తట్టుకుని, వేల కోళ్లున్న షెడ్డులో ఎంత పనిచేస్తుంది? అది తేల్చడానికే కదా ఈ పథకం పెట్టారు!

అదే యాంటీబయాటిక్ కావాలంటే నన్ను ఏ ఫారమూ అడగరు, డబ్బా చేతిలో పెడతారు. మందుకు లొంగని క్యాంపైలోబ్యాక్టర్ పెరుగుతోందని అమెరికా 2005లోనే కోళ్లకు ఎన్‌రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఆపేసింది. ఈ ముక్క చంపే మందే కాదు మహాప్రభో, పట్టుకుని బయటికి పంపేది. దానికే ఇన్ని అడ్డంకులు.

దయచేసి దానికి ఏదో ఒక పేరు పెట్టండి. మందంటే మందు ఫారం నింపుతాను, దాణా అంటే దాణాది. నాలుగో రకం అంటారా, కొత్త ఫారం మీరు అచ్చు వేయించేదాకా ఆగుతాను, తేదీ మాత్రం చెప్పండి. అసలు పథకమే ఎత్తేశారా? ఆ ముక్కైనా చెప్తే షెడ్డులోకి పిల్లల్ని దించుకుంటాను.

ఈ ఉత్తరం ఏ విభాగానికి చెందుతుందో తెలియక మూడింటికీ కాపీలు పంపుతున్నాను.

ఇట్లు,
ఒక బ్రాయిలర్ రైతు