ఫిల్మ్ సొసైటీ వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు ఈ నివేదిక ఉంచుతున్నాను. నెలవారీ ప్రదర్శనల వివరాలు ఎప్పటికప్పుడు వాట్సాప్ గ్రూపులో పెట్టాం కాబట్టి వాటిని మళ్లీ రాయడం లేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది ‘ది గ్రూవ్ ట్యూబ్’ ప్రదర్శన. కెన్ షపీరో 1974లో తీసిన ఈ అమెరికన్ సినిమాకు ఒక కథంటూ లేదు. వార్తలు, ప్రకటనలు, వంటల కార్యక్రమం, పిల్లల షో, ఇలా టీవీలో వచ్చేవన్నీ వరుసపెట్టి వెక్కిరించే చిన్న చిన్న స్కెచ్‌లే ఉంటాయి. న్యూయార్క్‌లోని ఈస్ట్ విలేజ్‌లో షపీరో బృందం వీడియో టేపు మీద తీసి, టీవీ సెట్లు పెట్టి ప్రేక్షకులకు చూపించిన స్కెచ్‌ల నుంచే ఇది పుట్టింది. తర్వాత హాస్యనటుడిగా పేరు తెచ్చుకున్న చెవీ చేజ్‌కు ఇదే మొదటి సినిమా.

ఆ జోకులు ఇప్పుడు ఎవరికి అర్థమవుతాయని కార్యవర్గంలోనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సినిమా విడుదలయ్యేనాటికి హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రమే లేదు, అది 1977లో వచ్చింది. దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు మొదలైంది కూడా 1976లోనే. మనం టీవీకి అలవాటు పడకముందే అక్కడివాళ్లు దాంతో విసిగిపోయి సినిమా తీశారు. దేన్ని వెక్కిరిస్తున్నారో తెలియకుండా పేరడీ చూపిస్తే హాలు నిశ్శబ్దంగా ఉండిపోతుంది. అందుకే ముందు ఒక పరిచయ ప్రసంగం పెట్టాలని పట్టుబట్టాను.

ఆ బాధ్యత తీసుకున్న మన సీనియర్ సభ్యులు, రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ గారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. దర్శకుడు కుబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమాలో ఆదిమానవులు నల్లరాతి ఫలకం చుట్టూ చేరే దృశ్యాన్ని ముందు గుర్తుచేశారు. అమెరికాలో క్రాఫ్ట్ కంపెనీ వంట ప్రకటనల్లో మనిషి కనిపించకుండా చేతులు, గొంతు మాత్రమే ఉండేవని చెప్పారు. ఆ తర్వాత తెరమీద ఆదిమానవులకు టీవీ పెట్టె దొరికి గంతులేయడం మొదలవగానే హాలంతా నవ్వింది. వంట స్కెచ్‌కైతే వెనక వరుసలో చప్పట్లు కూడా కొట్టారు.

అన్నీ నిలబడ్డాయని అనను. ‘ది డీలర్స్’ అనే స్కెచ్ మరీ సాగదీసినట్టుంది. మోటు హాస్యం కొన్నిచోట్ల శ్రుతి మించింది, కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే అని పోస్టరు మీద పెద్దక్షరాల్లో వేశామని వారికి మనవి. అయినా, 1975లో మొదలైన ‘సాటర్డే నైట్ లైవ్’ అనే అమెరికన్ టీవీ హాస్య కార్యక్రమంలో చెవీ చేజ్ ఉత్తుత్తి వార్తల చివర చెప్పిన వీడ్కోలు మాట ఈ సినిమాలోనే ఉందని విన్నాక చర్చ ఊపందుకుంది. మాట మన న్యూస్ చానళ్ల మీదికి మళ్లి, కాపలాదారు వచ్చి లైట్లు ఆర్పబోయేదాకా ఎవరూ లేవలేదు.

ప్రొజెక్టర్ ఇచ్చిన సభ్యుడికి, తెలుగు సబ్‌టైటిల్స్ రాసిన ఇద్దరు విద్యార్థినులకు, టీ ఖర్చు భరించిన దాతకు, కుర్చీలు సర్దిన పిల్లలకు సొసైటీ తరఫున ధన్యవాదాలు. పేర్లు ఇచ్చి ఆరోజు ఫోన్లు ఎత్తని వలంటీర్ల గురించి కూడా చెప్పాలి. రాలేకపోతే ముందురోజైనా చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాం. హాలు అనుమతి కోసం దరఖాస్తు పెడితే సంబంధిత ఆఫీసులో ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగి, చివరి నిమిషంలో సంతకమైంది. ఆ టెన్షన్ పడింది నేనూ కోశాధికారి గారే.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో జతచేశాం. చందా బకాయిలు ఉన్నవారు సమావేశం రోజే చెల్లించాలి.

వచ్చే ఏడాదికి జాన్ లాండిస్ తీసిన ‘ది కెంటకీ ఫ్రైడ్ మూవీ’ (1977) వేయాలని ప్రతిపాదిస్తున్నాను. దానికీ పరిచయ ప్రసంగం కావాలి. మాట్లాడగలిగినవారు, సబ్‌టైటిల్స్ రాయగలిగినవారు సమావేశంలోనే పేర్లు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి