రెండు కప్పుల మైదా

నల్లకుంట,
ఆదివారం

బిడ్డా,

ఇరవై రోజుల తర్వాత మంగళవారం రాత్రి పదకొండున్నరకు నీ మెసేజ్ వచ్చింది. "నాన్నా, 250 గ్రాముల మైదా ఎన్ని కప్పులు?" అని. రెండు అని కొట్టాను. బొటనవేలు బొమ్మ పెట్టి మాయమయ్యావు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. పోస్టులో వెయ్యను, చింటుగాడితో ఫొటో తీయించి పంపిస్తా.

ఆ రాత్రి నిద్రమత్తులో చెప్పేశాను గానీ ఏ కప్పో అడగలేదు. రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పైతే అది 180 మిల్లీలీటర్లే. దాంతో రెండు పోస్తే 190 గ్రాములు కూడా రాదు. వంటల కొలతకప్పు 240. అందులో మైదా 125 గ్రాముల దాకా పడుతుంది, అదీ చెంచాతో వదులుగా పోసి, పైన కత్తి వీపుతో గీస్తే. డబ్బాలో ముంచి నొక్కి తీశావో, 150కి పోతుంది. చక్కెరైతే అదే కప్పుకు 200. కొట్లో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటిరోజు నేను చూపించేది ఇదే. ఒకే డబ్బాతో అటుకులూ చక్కెరా కొలిచి తరాజులో పెట్టించేవాణ్ణి. చక్కెర తట్ట దబ్బున దిగగానే నోరు తెరిచేవాడు.

అయినా నీకు కప్పుల లెక్క ఎందుకు? పోయేటప్పుడు చిన్న డిజిటల్ కాటా తువ్వాలులో చుట్టి సూట్‌కేసులో పెట్టాను కదా. సెల్లు అయిపోయాయా? వెనక మూత తీసి మార్చాలి, అంతే.

సతీష్ బావ పోయినవారం బెంగళూరు వచ్చి మీ ఫ్లాటు దాకా వెళ్ళాడట. వాచ్‌మన్ ఏదో చెప్పాడట. నేను పట్టించుకోలేదు. ఆయనది కన్నడం, వీడికి తెలుగే సరిగ్గా రాదు.

కాటాను నమ్ముకుని నేనూ ఒకసారి బోర్లా పడ్డాను. మీ నానమ్మ ఆవకాయ లెక్క కారం గిన్నె, ఆవపిండి గిన్నె, ఉప్పు గిన్నె. మా పెళ్ళైన ఏడాది ఎండాకాలంలో అమ్మ మల్లేపల్లి అక్క దగ్గరుంది. "గిన్నెలేంటి, మనకు కాటా లేదా?" అని మీ అమ్మ ముందు గొప్పకు పోయి, మూడూ అరకిలో చొప్పున తూచి తెచ్చాను. బేసిన్‌లో పోస్తే కారం కుప్ప పెద్దది, దాని పక్కన ఉప్పు సగం కూడా లేదు. "ఉప్పు తక్కువైనట్టుంది" అంది మీ అమ్మ. "కాటా అబద్ధం చెప్తుందా?" అన్నాను. ఉప్పు బరువు, అరకిలో అంటే రెండు కప్పులు దాటదు. కారం తేలిక, అదే అరకిలోకి నాలుగైదు కప్పులొస్తుంది. గిన్నెతో కొలిచి ఉంటే ఉప్పు దానంతటదే రెట్టింపు పైన పడేది, పచ్చడిని కాసేది అదే కదా. శ్రావణంలో జాడీ మూత తీస్తే పైన తెల్లగా బూజు. ముక్క పట్టుకుంటే వేళ్ళ మధ్య చితికింది. మీ అమ్మ ఒక్క మాట అనలేదు. జాడీ తెచ్చి వాకిట్లో నా చెప్పుల పక్కన పెట్టింది.

అందుకే, కేకుకైతే తూచుకో. కప్పే గతి అనుకుంటే మొదటినుంచి చివరిదాకా ఆ ఒక్క కప్పే వాడు. గిన్నె ఒకటి, గ్లాసు ఒకటి, చారుగరిటె ఒకటి పెట్టుకోకు. మైదా జల్లించు, పురుగుంటుంది. రాత్రి పదకొండున్నరకు వంటేంటసలు? అన్నం తిన్నావా ఆ రోజు? లెక్చర్ ఇవ్వొద్దనుకునే మొదలుపెట్టాను. కేకు ఎవరి పుట్టినరోజుకని మీ అమ్మ అడుగుతోంది. నేను అడగడం లేదు.

ఇంకో కాటా కొన్నాను, 5 కిలోల దాకా తూస్తుంది. అట్టపెట్టెలో చోటుందని మీ అమ్మ సకినాలు సర్దింది. దారిలో విరుగుతాయంటే వినలేదు. మంగళవారం కొరియర్‌లో వేస్తాను. పైన ఏ అడ్రస్ రాయాలో చెప్పు.

మీ నాన్న