అల చెరిపినా చెడని సంఖ్య

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? నీ ఉత్తరానికి జవాబు రాయడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇవాళ మాత్రం నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు. ఒక సంఖ్య గురించి. 7,39,39,133. ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు. పైకి చదువుతుంటేనే ఎంత తూగుగా ఉందో చూడు!

ఇది ప్రధాన సంఖ్య, అంటే 1, తను తప్ప ఇంకేదీ శేషం లేకుండా భాగించలేనిది. అలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి, అందులో వింతేం లేదు. కానీ కుడి చివరి 3 తీసెయ్. 73,93,913 కూడా ప్రధానమే. ఇంకో 3 తీసెయ్, 7,39,391. అదీ అంతే. అలాగే 73,939, 7,393, 739, 73, చివరికి 7. ఎక్కడ ఆపినా ప్రధాన సంఖ్యే.

సాయంత్రం మేనకోడల్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, కైలాసగిరి వైపు తిరిగి నిలబడి, తడి ఇసుకలో పుల్లతో రాశాం. ఆఖరి 3 నీళ్ల దగ్గర. ఒక అల వచ్చి రెండు 3లూ పట్టుకుపోయింది. "మామయ్యా, ఇప్పుడో?" అంది. ఇప్పుడూ ప్రధానమే అన్నాను. ఇంకో పెద్ద అలకి 739 మిగిలింది. మురీ మిక్చర్ పొట్లం నా చేతిలో పెట్టి, తనే కూర్చుని లెక్క వేసింది. 28 వర్గం 784, అంటే 739 దాటిపోయింది. కాబట్టి 28 కంటే చిన్న ప్రధాన సంఖ్యలతో, అంటే 23 దాకా, భాగించి చూస్తే చాలు. 2, 3, 5 కాదని చూడగానే తెలుస్తుంది. 7తో శేషం 4, 11తో 2, 13తో 11, 17తో 8, 19తో 17, 23తో 3. 13 దగ్గర తప్పు పోయి, అరచేత్తో ఇసుక చదును చేసి మళ్లీ వేసింది. చివరి శేషం రాశాక దాని మొహం నువ్వు చూడాల్సిందిరా!

నాకు ఇంకా నచ్చింది, కుడివైపు ఇంకో అంకె చేర్చి పెంచబోతే ఇది ఎందుకు ఆగిపోతుందన్నది. చివర సరి అంకె పెడితే 2 భాగిస్తుంది, 0 అయినా అంతే. 5 పెడితే 5 భాగిస్తుంది. ఇక మిగిలినవి 1, 3, 7, 9. మన సంఖ్య అంకెల మొత్తం 38. పక్కన 1 పెడితే 39, 7 పెడితే 45, రెండూ 3కి దొరికిపోతాయి. 3, 9 పెడితే అంత తేలిగ్గా దొరకవు గానీ, అవీ ప్రధానాలు కావు. ఇలాంటివి ఎనిమిది అంకెల్లో ఐదే ఉన్నాయి, ఏ ఒక్కటీ తొమ్మిదో అంకె దాకా పెరగదు. వాటన్నిటిలో పెద్దది ఇదే. ఒక అంకెవాటితో కలిపి మొత్తం 83. ఆ 83 కూడా ప్రధానమే!

ఎడమ నుంచి చెరుపుకుంటూ పోయినా నిలబడేవి వేరే ఉన్నాయి. వాటిలో సున్నా లేని పెద్దదానికి 24 అంకెలు: 357686312646216567629137. సంక్రాంతికి నువ్వొస్తే అది రాద్దాం. దానికి మాత్రం డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తిరిగి నిలబడాలి, అప్పుడే సముద్రం ఎడమచేతి వైపు వస్తుంది.

నీ
సూరి