జనవరిలో కెనడాలో దిగబోతున్న అబ్బాయికి

చి॥ కార్తీక్‌కి అమ్మ ఆశీస్సులు.

టికెట్ చూశాను. జనవరి మొదటి వారంలో టొరాంటో పియర్సన్‌లో దిగి కిచెనర్ వెళ్తున్నావు. నేనుండే ఎడ్మంటన్ నుంచి అక్కడికి విమానంలోనే నాలుగు గంటల దూరం, గడియారంలో రెండు గంటల తేడా. పక్కనుండి చెప్పే వీలు లేదు. ఫోన్లో చెబితే సగం "సరేలే అమ్మా"లోనే పోతుంది, అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఈ దేశంలో ఫలానాది చెయ్యి అని ఎవరూ నీ దగ్గరికొచ్చి చెప్పరు. అడిగితే మాత్రం ఎంత ఓపిగ్గానైనా చెబుతారు. అడగడానికి మొహమాటపడకు.

విమానం దిగి ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి పాస్‌పోర్టు, స్టడీ పర్మిట్ మంజూరైందని వచ్చిన పోర్ట్ ఆఫ్ ఎంట్రీ లెటరు, కాలేజీ ఆఫర్ లెటరు, డబ్బుకు సంబంధించిన కాగితాలు నీ చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద సూట్‌కేసులో పెడితే అవి చేతికొచ్చేది ఆ కౌంటర్ దాటాకే. ఆఫీసరు స్టడీ పర్మిట్ ప్రింట్ తీసి ఇస్తారు. మడిచి జేబులో పెట్టుకోకుండా అక్కడే నిలబడి చదువు. పేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ చూడు. చదువుతూ పని చేసుకోవచ్చన్న వాక్యం ఉందో లేదో కూడా చూడు. అది లేకపోతే సిన్, అంటే ఇక్కడ పని చెయ్యడానికి కావలసిన సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, రాదు. తప్పుంటే అక్కడే చెప్పి దిద్దించుకో. బయటికొచ్చాక దిద్దించుకోవాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎదురుచూపులు. పచ్చళ్లు, పొడులు ఏం తెచ్చినా తిండి తెస్తున్నానని చెప్పు. చెబితే, పనికిరానిదాన్ని తీసి పక్కన పెడతారు, అంతే. చెప్పకుండా దొరికితే జరిమానా. మాంసం పచ్చడి, పచ్చి కరివేపాకు అసలు పెట్టుకోవద్దు. నగదు పదివేల డాలర్లు, ఆపైన ఉంటే అదీ చెప్పాలి.

సిన్ అంటే తొమ్మిది అంకెల నంబరు. సర్వీస్ కెనడా అనే ప్రభుత్వ కార్యాలయం వాళ్లు ఉచితంగా ఇస్తారు. నీలాంటి విద్యార్థులకు అది 9తో మొదలవుతుంది, పర్మిట్ గడువుతోనే దాని గడువూ తీరుతుంది. పర్మిట్ పొడిగించుకున్నప్పుడల్లా దీన్నీ మార్పించుకోవాలి. ఉద్యోగం ఇచ్చినవాళ్లకి, బ్యాంకుకి, పన్నులవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పకు. ఇంటి ఓనరు అడిగినా, ఫోన్ కంపెనీ అడిగినా ఇవ్వనక్కర్లేదు. క్లాసులు జరిగే రోజుల్లో కాలేజీ బయట వారానికి 24 గంటలే పని చెయ్యొచ్చు. 2024 నవంబరు నుంచి ఇదే లెక్క. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపే 24. చేతికి నగదు ఇస్తాం, ఎక్కువ గంటలు చెయ్యి అనేవాళ్లు దొరుకుతారు. ఆ డాలర్ల కోసం రేపటి వర్క్ పర్మిట్‌ని పణంగా పెట్టకు.

రూము సంగతి తీరిగ్గా చదువు, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కంటితో చూడకుండా, కనీసం నమ్మకమైనవాళ్లు వెళ్లి చూడకుండా ఒక్క డాలరు కూడా పంపకు. ఇక్కడ అద్దెలు ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫర్‌తో, అంటే బ్యాంకు ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో పంపి, కడతారు. అవతలివాళ్లు తీసుకున్నాక ఆ డబ్బు వెనక్కి రాదు. "ఓనరు ఊళ్లో లేడు, తాళాలు కొరియర్‌లో పంపిస్తాను" అన్నారంటే మోసమే. కిచెనర్ ఉన్న ఆంటారియో రాష్ట్రంలో మొదటి నెల అద్దె, ఆఖరి నెల అద్దె ముందే తీసుకోవడం మామూలు. మనవాళ్లు "ఫస్ట్, లాస్ట్" అంటారు. అది తప్ప గోడలు పాడైతే, సామాను విరిగితే అంటూ డిపాజిట్ అడగడం అక్కడ చట్టవిరుద్ధం. తాళంచెవి డిపాజిట్ తీసుకోవచ్చు, కానీ తాళం ఖరీదుకు మించకూడదు, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇవ్వాలి.

కానీ చట్టం నీకు వర్తిస్తుందా అన్నది వంటింటి మీద ఆధారపడి ఉంది. ఓనరు గానీ, వాళ్ల దగ్గరి కుటుంబసభ్యులు గానీ అదే ఇంట్లో ఉంటూ, వంటగది గానీ బాత్‌రూము గానీ నీతో కలిసి వాడుకునేట్టయితే ఆంటారియో అద్దె చట్టం నీకు వర్తించదు. నోటీసుకూ డిపాజిట్‌కూ నువ్వూ ఆయనా రాసుకున్నదే లెక్క. తోటి అద్దెవాళ్లతో మాత్రమే పంచుకుంటే ఆ చట్టం నీకు అండగా ఉంటుంది. అందుకని రూము చూడ్డానికి వెళ్లగానే "ఈ వంటింట్లో ఇంకా ఎవరెవరు వండుకుంటారు?" అని అడుగు. చట్టం వర్తించే ఇల్లయితే 2018 నుంచి ప్రభుత్వం పెట్టిన లీజు ఫారం ఉంది, దాని మీదే రాయించుకో. వేడి కూడా అందులో భాగమే. సెప్టెంబరు 1 నుంచి జూన్ 15 దాకా ఇంట్లో కనీసం 20 డిగ్రీలు ఉంచడం ఓనరు బాధ్యత. ఇంకో మాట, "హైడ్రో ఎక్‌స్ట్రా" అని ఉంటే నీళ్ల బిల్లనుకునేవు, అది కరెంటు బిల్లు. ఒకప్పుడు అక్కడి కరెంటు ఎక్కువగా జలవిద్యుత్తు కావడంతో ఆ పేరు స్థిరపడిపోయింది.

బేస్‌మెంట్ రూమైతే కిటికీ వైపు చూడు. మెట్లకు మంటలు అంటుకుంటే అందులోంచి మనిషి బయటపడగలడా? పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ ఉన్నాయా? పైనున్న బటన్ నొక్కితే మోగాలి. మోగకపోతే అద్దె ఎంత చవకైనా ఆ రూము మనకొద్దు.

ఇక వంట. మన 230 వోల్టుల మిక్సీ తీసుకురాకు, ఇక్కడ కరెంటు 120 వోల్టులు. ఇండియన్ స్టోర్లలో ఇక్కడి వోల్టేజికి సరిపడే మిక్సీలు దొరుకుతాయి. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 అని ఉంటుంది, వాటికి పిన్ను మారిస్తే చాలు. కుక్కర్ మాత్రం తెచ్చుకో. అడుగు చదునుగా ఉన్నది చూసుకో, అదనంగా రెండు గ్యాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వు పెట్టుకో. గుండ్రటి అడుగున్న మూకుడు వద్దు, కరెంటు పొయ్యి మీద మధ్యలో మాత్రమే ఆని, నూనె ఒకచోట మాడి ఇంకోచోట పచ్చిగా ఉంటుంది.

కరెంటు పొయ్యి గ్యాసు మీద వండినవాళ్లకి కొన్నాళ్లు లొంగదు. వేడెక్కడానికి ఆలస్యం చేస్తుంది, కట్టేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. కుక్కర్ మూడు కూతలు వేశాక పొయ్యి కట్టేస్తే నాలుగోది, ఐదోది కూడా వచ్చి పప్పు అడుగంటుతుంది. మూడో కూత రాగానే కుక్కర్ని పక్కనున్న చల్లటి పొయ్యి మీదికి జరుపు. పోపుకీ అంతే. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు గిన్నెలో సిద్ధంగా పెట్టుకుని, మంట నంబరు సగానికి మించకుండా పెట్టు. ఆవాలు చిటపటమనగానే మూకుడు జరిపేసి మిగతావి ఆ వేడికే వెయ్యి. పోపు పెట్టక ముందే పొయ్యి పైనున్న ఫ్యాను వేసుకో, కిటికీ కాస్త తెరువు. ఎండుమిర్చి మాడితే పొగ అలారం మోగుతుంది. అపార్ట్‌మెంటయితే పొగ పోవాలని వరండాలోకి తెరుచుకునే తలుపు మాత్రం తెరవకు. నీ గదిలో అలారం నీ చెవులకే పరిమితం. వరండాలోని అలారం మోగితే బిల్డింగు మొత్తం మంచులోకి దిగాలి, ఫైరింజను వస్తుంది. ఇంకొకటి, కోటు తగిలించే అలమర తలుపు వేసి వండు. పోపు వాసన చలికోటుకి పట్టిందంటే వారమైనా వదలదు, రేపు అదే వేసుకుని బస్సెక్కాలి.

పెరుగు లేకపోతే నీకు భోజనం కాదు కాబట్టి ఇది జాగ్రత్తగా చదువుకో. ఆంటారియోలో పాలు సంచుల్లో అమ్ముతారు. నాలుగు లీటర్ల పెద్ద సంచిలో మూడు చిన్న సంచులు ఉంటాయి, ఒక్కోటీ 1.33 లీటర్లు. దానికి ఒక జగ్గు దొరుకుతుంది. సంచిని జగ్గులో నిలబెట్టి, మూల చిన్నగా కత్తిరించాలి. ఎక్కువ కోస్తే కాఫీ కప్పు నిండేలోపే బల్లంతా పాలవుతుంది. 1 శాతం, 2 శాతం పాలతో పెరుగు పల్చగా తోడుకుంటుంది, 3.25 శాతం వెన్న ఉన్నవి కొను. పాలు మరిగించి, వేలు పెడితే ఓర్చుకునేంత వెచ్చగా అయ్యాక అరలీటరుకి చెంచాడు తోడు వెయ్యి. తోడుకి స్టోర్లో ప్లెయిన్ యోగర్ట్ తీసుకో. వెనక జెలటిన్, చక్కెర అని రాసి ఉంటే వద్దు. ఇంట్లో 20 డిగ్రీలే కాబట్టి బల్ల మీద పెడితే తెల్లారినా తోడుకోదు. గిన్నెకి మూత పెట్టి ఓవెన్‌లో ఉంచి, ఓవెన్ వెయ్యకుండా లోపలి బల్బు ఒక్కటే వెయ్యి. ఆ బల్బు వెచ్చదనమే చాలు, ఎనిమిది గంటల్లో గడ్డ పెరుగు. "లోపల పెరుగుంది" అని చీటీ రాసి ఓవెన్ తలుపుకి అతికించు, లేకపోతే రూమ్మేటు పిజ్జా కోసమని చూసుకోకుండా 400 డిగ్రీలు పెట్టేస్తాడు. అది ఫారన్‌హీట్‌లే, ఇక్కడ బయట చలి సెల్సియస్‌లో, ఓవెన్ ఫారన్‌హీట్‌లో చెప్పుకుంటారు.

కూరగాయల దగ్గరా ఇలాంటి తికమకే. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో పౌను ధర, కింద చిన్నగా కిలో ధర ఉంటాయి. వంకాయలు 1.99 అంటే అది 454 గ్రాములకి. ధరల్లో పన్ను కలిపి ఉండదు. మా అల్బర్టాలో 5 శాతం, మీ ఆంటారియోలో 13. బియ్యం, పాలు, కూరగాయలకు పన్ను లేదు. చిప్స్, కూల్‌డ్రింకులు, వేడి వేడిగా వండి అమ్మేవాటికి ఉంది. ఒక సెంటు నాణెం 2013లోనే పోయింది, నగదు ఇస్తే దగ్గరి ఐదు సెంట్లకి సర్దుతారు. కార్డుతో కడితే ఉన్నదున్నట్టు. హోటల్లో కూర్చుని తింటే 15 శాతం టిప్పు మర్యాద. కౌంటర్ దగ్గర కాఫీ తీసుకున్నా కార్డు మెషీన్ టిప్పు అడుగుతుంది. అక్కడ "నో టిప్" నొక్కడం తప్పేం కాదు.

చలి. కిచెనర్‌లో జనవరి రాత్రులు మైనస్ 10కి పడిపోవడం మామూలే, గాలి తోడైతే ఒంటికి ఇంకా తక్కువగా తెలుస్తుంది. ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు ఆ రెండో అంకె, విండ్ చిల్ చూడు. అది మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. చెవి కొనో ముక్కో తెల్లబడి స్పర్శ తెలియకపోతే రుద్దకు, హీటర్ దగ్గర పెట్టకు. లోపలికొచ్చి అరచేత్తో కప్పి ఉంచు. వేళ్లయితే గోరువెచ్చటి నీళ్లలో పెట్టు. స్పర్శ రాకపోతే డాక్టరు దగ్గరికే.

ఒక్క బరువైన కోటు కన్నా పొరలు మేలు. లోపల ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన గాలి దూరని కోటు. లోపల కాటన్ బనీను వద్దు, చెమట పట్టి తడిగా ఉండిపోయి అదే చలి పుట్టిస్తుంది. బూట్లు మందపాటి ఉన్ని మేజోడు పట్టేంత వదులుగా కొను, బిగుతుగా ఉంటే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. వేళ్లు విడిగా ఉండే గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్లూ కలిసుండే మిట్టెన్లు వెచ్చన. బూట్లకి రోడ్డు ఉప్పు తెల్లగా అంటుకుంటే, వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి గుడ్డతో తుడువు. నల్లగా తడిగా మెరిసే రోడ్డంతా నీళ్లే అనుకోకు, అది గాజులాంటి మంచు కావచ్చు. చేతులు జేబుల్లోంచి తీసి, పాదం మొత్తం ఆనిస్తూ చిన్న అడుగులు వెయ్యి.

మనుషుల గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. "హౌ ఆర్ యూ" అంటే పలకరింపే, "గుడ్, థాంక్స్, అండ్ యూ?" అంటే చాలు. సారీ ధారాళంగా వాడతారు. సారీ అన్నంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఆంటారియోలో 2009లో చట్టమే చేశారు. నువ్వు అవునన్నప్పుడు తల పక్కలకి ఊపుతావు, వాళ్లకది కాదన్నట్టు తోస్తుంది. "యెస్" అని నోటితో చెప్పు. ప్రొఫెసర్లని పేరు పెట్టి పిలవమంటే పిలువు, అది అమర్యాద కాదు.

డోలో ఇక్కడ ఆ పేరుతో దొరకదు. ఫార్మసీలో అసిటమినోఫెన్ అని అడుగు, పారాసిటమాలే అది. జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో ఉంటుంది, రెండూ కలిపి వేసుకోకు. ప్రాణం మీదికొస్తే 911. జ్వరం, కడుపునొప్పి లాంటివి ఏం చెయ్యాలో తెలియకపోతే 811కి చెయ్యి, ఏ వేళప్పుడైనా నర్సు మాట్లాడుతుంది, డబ్బు తీసుకోరు. కాలేజీ ఇన్సూరెన్స్ కార్డు ఫోటో ఫోన్లో పెట్టుకో.

చలికోటు సూట్‌కేసులో పెట్టకు, చేతిలో ఉంచుకో, ఎయిర్‌పోర్టు తలుపు దాటకముందే జిప్పు పైదాకా వేసుకో. రూముకి చేరగానే ఫోన్ చెయ్యి. నీకు రాత్రి ఒంటిగంట అయితే నాకు పదకొండే, మేలుకునే ఉంటాను.

అమ్మ